ఇరవై ఏళ్ల వయసులో చక్కెర లెక్క

ఏటా జూలై, ఆగస్టు నెలలలో బెంగళూరు రైల్వే స్టేషన్లలోను, బస్సు స్టాండులలోను ఒక దృశ్యం తప్పక కనిపిస్తుంది. అనంతపురం, కర్నూలు, చిత్తూరు, విజయవాడ, హైదరాబాదు దిక్కుల నుండి వచ్చిన తల్లిదండ్రులు, వారి పక్కన కొత్తగా కళాశాలలో చేరబోయే పిల్లలు, చేతిలో పరుపుచుట్ట, సంచిలో ఆవకాయ జాడీ. ఫీజు ఎంత, పీజీ వసతి ఎక్కడ, బస్సు పాసు ఎలా తీసుకోవాలి అన్న ప్రశ్నలన్నీ వారు అడుగుతారు. ఆరోగ్యం గురించి అడిగేది మాత్రం చాలా తక్కువ. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసు కదా, రాళ్లు తిన్నా అరిగిపోతాయన్న ధీమా.

ఆ ధీమాలో కొంత నిజం ఉన్నది. ఆ వయసులో రక్త పరీక్ష చేయించుకున్న విద్యార్థులలో ఎక్కువ మందికి చక్కెర స్థాయి సాధారణంగానే ఉంటుంది. అయితే నేడు పరీక్ష బాగున్నదంటే రేపు ప్రమాదం లేదని అర్థం కాదు. రెండవ రకం మధుమేహం ఒక్క రాత్రిలో వచ్చి పడే వ్యాధి కాదు. పరీక్షలో అంకె పెరగడానికి ఏళ్ల ముందే శరీరం లోపల దానికి పునాది పడుతుంది. చాలామంది విషయంలో ఆ పునాది పడేది ఇల్లు విడిచి, తమ భోజనాన్ని, నిద్రను తామే నిర్ణయించుకోవడం మొదలుపెట్టిన ఈ సంవత్సరాలలోనే. కాబట్టి విద్యార్థి వేసుకోవలసిన ప్రశ్న “నాకు షుగర్ ఉన్నదా?” అన్నది ఒక్కటే కాదు. “నా లెక్కలో ఎంత భాగం నా చేతిలో ఉన్నది?” అన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పుకొనే మార్గాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

శరీరం లోపల జరిగేది

మనం తిన్న అన్నం, రొట్టె, పండు, చక్కెర జీర్ణమై చివరకు గ్లూకోజుగా రక్తంలో చేరుతాయి. ఆ గ్లూకోజును కండరాలు, ఇతర కణాలు లోపలికి తీసుకొనేందుకు ఇన్సులిన్ అనే హార్మోను అవసరం. క్లోమ గ్రంథిలోని బీటా కణాలు దానిని తయారు చేస్తాయి. కడుపు చుట్టూ, కాలేయంలో, కండరాలలో కొవ్వు పేరుకొన్నప్పుడు కణాలు ఇన్సులిన్ మాట సరిగా వినవు. దీనినే ఇన్సులిన్ నిరోధకత అంటారు. అప్పుడు క్లోమం మరింత ఎక్కువ ఇన్సులిన్ తయారు చేసి పని నెట్టుకొస్తుంది. బయట పరీక్షలో చక్కెర మామూలుగానే ఉంటుంది, లోపల మాత్రం గ్రంథి రెట్టింపు కష్టపడుతూ ఉంటుంది. ఏళ్లు గడిచిన కొద్దీ బీటా కణాలు అలసిపోతాయి, అప్పుడు రక్తంలో చక్కెర పెరగడం మొదలవుతుంది.

తీపి తింటేనే మధుమేహం వస్తుందన్న నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉన్నది. తీపి అతిగా తినడం హానికరమే. కాని అసలు బరువు మొత్తం తిండి, కదలిక, నిద్ర, నడుము చుట్టూ కొవ్వు, వంశపారంపర్యం కలిసి మోపుతాయి. టీలో చక్కెర మానివేసి, రాత్రి పదకొండు గంటలకు రెండు ప్లేట్ల బిర్యానీ తిని, రోజంతా కుర్చీలో కూర్చున్న విద్యార్థి తాను జాగ్రత్తగా ఉన్నానని అనుకోవడం పొరపాటు.

దేశం చూపుతున్న అంకెలు

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో 2008 నుండి 2020 వరకు దేశంలోని అన్ని ప్రాంతాలలో, 20 ఏళ్లు, అంతకు పైబడిన 1,13,043 మందిని పరీక్షించి ఒక విస్తృత అధ్యయనం జరిగింది. దాని ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం వయోజనులలో 11.4 శాతం మందికి మధుమేహం ఉన్నది. మరో 15.3 శాతం మంది మధుమేహ పూర్వస్థితిలో ఉన్నారు. జనసంఖ్యలో చెప్పాలంటే 10.1 కోట్ల మందికి వ్యాధి, 13.6 కోట్ల మందికి దాని ముంగిలి. ముంగిట్లో ఉన్నవారి సంఖ్య వ్యాధిగ్రస్తుల సంఖ్యను మించి ఉన్నదన్న మాట గమనించదగినది. వారిలో చాలామందికి ఆ సంగతి తెలియదు, ఎందుకంటే ఆ దశలో నొప్పి గాని, దాహం గాని, నీరసం గాని సాధారణంగా ఉండవు.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల సిబ్బంది ఇంటింటికీ తిరిగి చేసే మధుమేహ పరీక్షలు 30 ఏళ్లు నిండినవారిని ఉద్దేశించినవి. విద్యార్థులు ఆ వలలో పడరు. కాబట్టి పరీక్ష ఎప్పుడు అవసరమో వారే గ్రహించి, తామే వెళ్లి అడగవలసి ఉంటుంది.

సన్నగా ఉన్నా సరిపోదు

“మా అబ్బాయి సన్నగానే ఉంటాడు, వాడికి షుగర్ ఎందుకు వస్తుంది?” అని చాలామంది తల్లులు అంటారు. ఈ ప్రశ్నకు పుణె నగరానికి చెందిన వైద్య శాస్త్రవేత్త యాజ్ఞిక్, లండన్‌కు చెందిన యుడ్‌కిన్ కలిసి 2004లో ఒక చక్కని జవాబు ఇచ్చారు. వారిద్దరి ఎత్తు, బరువుల నిష్పత్తి, అనగా బీఎంఐ, సరిగ్గా ఒకటే, 22.3. కాని శరీరంలోని కొవ్వును కొలిచినప్పుడు యుడ్‌కిన్ శరీరంలో 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం తేలింది. తూనిక యంత్రం ఇద్దరినీ ఒకేలా చూపింది, లోపలి సంగతి మాత్రం వేరు. భారతీయులలో కండరం తక్కువగా, కొవ్వు ఎక్కువగా, అందులోనూ కడుపు భాగంలో ఎక్కువగా ఉండే తత్వం కనిపిస్తుంది. అందుకే మనకు బీఎంఐ హద్దు 25 కాదు, 23 దాటితేనే బరువు అధికమని భావిస్తారు. సన్నని చేతులు, సన్నని కాళ్లు, ముందుకు వచ్చిన పొట్ట ఉన్న విద్యార్థి తాను సన్నగా ఉన్నానని నిశ్చింతగా ఉండకూడదు.

దీనిని తెలుసుకొనేందుకు ఖరీదైన యంత్రం అక్కరలేదు. దర్జీ వాడే కొలత టేపు చాలు. నిటారుగా నిలబడి, మామూలుగా ఊపిరి వదిలి, చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైభాగానికి మధ్యన టేపును బిగించకుండా చుట్టి చూడాలి. పురుషులలో 90 సెంటీమీటర్లు, స్త్రీలలో 80 సెంటీమీటర్లు చేరితే హెచ్చరికగా తీసుకోవాలి. ప్యాంటు కొలత ఈ కొలతకు సమానం కాదు. ప్యాంటు పొట్ట కిందికి జారి కూడా సరిపోతుంది.

టేపుతో వేసుకొనే లెక్క

చెన్నై నగరంలోని మధుమేహ పరిశోధకులు 2005లో భారతీయుల కోసం ఒక సులభమైన ప్రమాద సూచికను రూపొందించారు. రక్త పరీక్ష లేకుండానే దీనిని ఎవరైనా వేసుకోవచ్చు. ఇందులో నాలుగు అంశాలు, మొత్తం 100 మార్కులు. పరీక్షలలో ఎక్కువ మార్కులు రావాలని కోరుకొనే విద్యార్థులు ఈ ఒక్క పరీక్షలో మాత్రం తక్కువ మార్కులు కోరుకోవాలి.

మొదటిది వయసు. 35 ఏళ్లలోపు వారికి 0, 35 నుండి 49 వరకు 20, 50 దాటితే 30.

రెండవది నడుము కొలత. పురుషులకు 90 లోపు, స్త్రీలకు 80 లోపు ఉంటే 0. పురుషులకు 90 నుండి 99 వరకు, స్త్రీలకు 80 నుండి 89 వరకు 10. అంతకు మించితే 20.

మూడవది శారీరక శ్రమ. క్రమం తప్పని వ్యాయామం, కష్టమైన పని ఉన్నవారికి 0. వ్యాయామం లేక, కూర్చొని చేసే పని మాత్రమే ఉన్నవారికి 30. మధ్యలో ఉన్నవారికి శ్రమను బట్టి మధ్యలోని మార్కులు.

నాలుగవది కుటుంబ చరిత్ర. తల్లిదండ్రులిద్దరికీ వ్యాధి లేకపోతే 0, ఒకరికి ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20.

మొత్తం 30 లోపు ఉంటే ప్రమాదం తక్కువ. 30 నుండి 50 వరకు మధ్యస్థం. 60, అంతకు మించితే అధికం.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇరవై ఏళ్ల విద్యార్థి. తల్లికి, తండ్రికి ఇద్దరికీ మధుమేహం ఉన్నది. నడుము కొలత 92. వ్యాయామం లేదు, తరగతి గది, గ్రంథాలయం, ల్యాప్‌టాప్ తప్ప మరొకటి లేదు. అతని మార్కులు వయసుకు 0, నడుముకు 10, శ్రమ లేనందుకు 30, కుటుంబానికి 20. మొత్తం 60. వయసు సున్నా ఇచ్చినా అతడు అధిక ప్రమాద వర్గంలో చేరాడు. ఏదీ మార్చుకోకుండా ఉద్యోగంలో చేరి 35 ఏళ్లకు చేరుకొంటే, వయసు తన వంతు 20 కలుపుతుంది. అప్పుడు మొత్తం 80.

అదే విద్యార్థి లెక్కను మరొక వైపు నుండి చూద్దాం. ఆ 60లో తల్లిదండ్రుల నుండి వచ్చిన 20 ఎవరూ మార్చలేనిది. మిగిలిన 40 అతని చేతిలోనిది. నడుము 90 లోపుకు వచ్చి, క్రమం తప్పని గట్టి వ్యాయామం అలవడితే అతని మార్కులు 20కి దిగి, తక్కువ ప్రమాద వర్గంలో చేరుతాడు. వంశంలో ఉన్నది కదా, ఎలాగూ వస్తుంది అని నిరాశపడేవారు ఈ తీసివేతను ఒకసారి కాగితం మీద వేసి చూసుకోవాలి. వారసత్వం నిజమే. అయితే అది మొత్తం లెక్క కాదు, అందులో ఒక భాగం మాత్రమే.

నగర విద్యార్థి దినచర్య

మార్చుకోగలిగిన ఆ 40 మార్కులు ఎక్కడ చేరుతున్నాయో దినచర్యలోనే కనిపిస్తుంది. ఉదయం తరగతికి ఆలస్యమై ఫలహారం మానివేయడం, పదకొండు గంటలకు దర్శిని హోటలులో నిలబడి చౌచౌబాత్, మధ్యాహ్నం మెస్సులో పళ్లెం నిండా తెల్లన్నం, దాని పక్కన రెండు చెంచాల కూర, సాయంత్రం టీ, బజ్జీ, రాత్రి చదువు పేరుతో పరోటా, శీతల పానీయం. ఇందులో ఏ ఒక్కటీ విషం కాదు. కాని రోజంతటినీ కలిపి చూస్తే పిండి పదార్థమే ఎక్కువ, పప్పు, గుడ్డు, పెరుగు, కూరగాయలు తక్కువ.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకాలు కూడా ఈ సంగతినే ఎత్తి చూపాయి. మన దేశంలో చాలామందికి రోజువారీ శక్తిలో 50 నుండి 70 శాతం వరకు ధాన్యాల నుండే వస్తున్నది, అది 45 శాతాన్ని మించరాదని ఆ సంస్థ సూచించింది. అనగా అన్నం మానమని కాదు, పళ్లెంలో అన్నం ఆక్రమించిన చోటును కొంత ఖాళీ చేసి పప్పుకు, కూరకు ఇమ్మని.

తీయని పానీయాల లెక్క వేరుగా చూడాలి. 300 మిల్లీలీటర్ల కోలా పానీయంలో దాదాపు 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది, అంటే ఏడెనిమిది చెంచాలు. రోజుకు నాలుగు టీలు, ఒక్కొక్క దానిలో రెండు చెంచాలు వేసుకొనే విద్యార్థి కూడా అంతే చక్కెర తాగుతున్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం రోజు మొత్తం మీద అదనపు చక్కెర 25 గ్రాములకు, అంటే సుమారు ఆరు చెంచాలకు, లోబడి ఉంటే మేలు. బెల్లం, తేనె, పండ్ల రసం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. పండును పండుగా నమిలి తింటే అందులోని పీచు చక్కెర వేగాన్ని తగ్గిస్తుంది, రసం తీస్తే ఆ అడ్డు పోతుంది. ఈ నగరంలో ఒక కాఫీని ఇద్దరు పంచుకొని తాగే “బై టూ” ఆచారం ఉన్నది. స్నేహానికి స్నేహం, చక్కెరలో సగం ఆదా. కొత్తగా వచ్చినవారు ముందుగా అలవరచుకోదగిన నగర సంప్రదాయం ఇది.

నిద్ర సంగతి చాలామందికి తట్టదు. 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆరోగ్యవంతులైన 11 మంది యువకులను ఆరు రాత్రుల పాటు రోజుకు నాలుగు గంటలే నిద్రపోనిచ్చి పరీక్షించారు. తరువాత వారిని కంటినిండా నిద్రపోనిచ్చినప్పటి స్థితితో పోల్చి చూడగా, నిద్ర కరవైన రోజులలో వారి శరీరాలు గ్లూకోజును తొలగించే వేగం స్పష్టంగా తగ్గిపోయింది. ఆహారం మారలేదు, వయసు మారలేదు, నిద్ర ఒక్కటే మారింది. సెమిస్టర్ పరీక్షల వారంలో మన విద్యార్థులలో చాలామంది తమ మీద తామే చేసుకొనే ప్రయోగం ఇదే.

ఎవరు, ఏ పరీక్ష చేయించుకోవాలి

విద్యార్థులందరూ రక్త పరీక్షకు పరుగెత్తవలసిన అవసరం లేదు. బీఎంఐ 23 గాని, నడుము హద్దు గాని దాటి, దానితో పాటు తల్లిదండ్రులలో గాని తోబుట్టువులలో గాని మధుమేహం ఉన్నవారు, రక్తపోటు ఉన్నవారు, మెడ వెనుక, చంకలలో చర్మం నల్లగా మఖమలులా మందమైనవారు, నెలసరి సక్రమంగా రాక అండాశయాలలో నీటి తిత్తుల సమస్య ఉన్న యువతులు పరీక్ష చేయించుకోవాలి. పైన చెప్పిన సూచికలో 60 వచ్చినవారు ఆలస్యం చేయకూడదు. మెడ మీది నలుపును మురికి అనుకొని రుద్ది కడిగేవారు ఉన్నారు. అది మురికి కాదు, చాలా సందర్భాలలో ఇన్సులిన్ నిరోధకతకు బయట కనిపించే గుర్తు.

పరగడుపు పరీక్షకు ముందు కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినరాదు. మంచినీరు తాగవచ్చు. డెసిలీటరు రక్తంలో గ్లూకోజు 100 మిల్లీగ్రాముల లోపు ఉంటే సాధారణం. 100 నుండి 125 వరకు మధుమేహ పూర్వస్థితి. 126, అంతకు మించితే మధుమేహం. 75 గ్రాముల గ్లూకోజు నీటిలో కలిపి తాగించి రెండు గంటల తరువాత చేసే పరీక్షలో 140 లోపు సాధారణం, 140 నుండి 199 వరకు పూర్వస్థితి, 200, అంతకు మించితే మధుమేహం. గడచిన రెండు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 5.7 శాతం లోపు సాధారణం, 5.7 నుండి 6.4 వరకు పూర్వస్థితి, 6.5 నుండి మధుమేహం.

ఈ అంకెలు చదువుకొనేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, దాహం, బరువు తగ్గడం వంటి లక్షణాలు లేనివారికి ఒక్క పరీక్షలో అంకె పెరిగినంత మాత్రాన వ్యాధి ఉన్నదని నిర్ణయించరు. మరొక పరీక్షతో ధ్రువపరచుకొంటారు. రెండవది, ఇనుము లోపం వల్ల రక్తహీనత ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ అసలు కంటె ఎక్కువగా కనిపించవచ్చు. విద్యార్థినులలో రక్తహీనత సాధారణం కాబట్టి, వారు ఆ ఒక్క కాగితం చూసి భయపడక, హీమోగ్లోబిన్‌తో పాటు పరగడుపు పరీక్ష కూడా చేయించుకోవడం మంచిది.

బెంగళూరులోని నమ్మ క్లినిక్‌లలోను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోను ఈ విషయమై వైద్యుని సలహా పొందవచ్చు. కన్నడం రాదన్న సంకోచం వద్దు. మధుమేహం అన్న మాట రెండు భాషలలోనూ ఒకటే. వాడుకలో కన్నడిగులు దానిని “సక్కరె కాయిలె” అంటారు. ఆ రెండు మాటలు చాలు, మిగిలినది సిబ్బంది అడిగి తెలుసుకొంటారు.

మార్పు ఎంతవరకు సాధ్యం

మధుమేహ పూర్వస్థితిలో ఉన్న 531 మంది మీద చెన్నైలో మూడేళ్ల పాటు ఒక ప్రయోగం జరిగింది, ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ప్రత్యేక శిక్షణ పొందని వర్గంలో 55 శాతం మందికి ఆ కాలంలో మధుమేహం వచ్చింది. రోజుకు అరగంట చురుకైన నడక, ఆహారంలో మార్పులు పాటించిన వర్గంలో అది 39.3 శాతానికి తగ్గింది. వారు సగటున నలభై ఐదేళ్లు దాటిన మధ్యవయస్కులు. ఇంకా ఆ స్థితికే చేరని ఇరవై ఏళ్లవారు ఈ అలవాట్లను ముందుగానే పట్టుకోవడానికి అంతకంటె మంచి కారణం ఏమి కావాలి?

కండరానికి ఒక గొప్ప గుణం ఉన్నది. అది కదులుతున్నప్పుడు ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే రక్తంలోని గ్లూకోజును లాగుకొంటుంది. కాబట్టి భోజనం ముగించగానే మంచం ఎక్కక, పది పదిహేను నిమిషాలు నడిస్తే చక్కెర పెరుగుదల తగ్గుతుంది. వ్యాయామశాల సభ్యత్వానికి డబ్బు లేదని అనవలసిన పని లేదు. రెండు బస్సు స్టాపుల ముందే దిగి నడవడం, లిఫ్టు విడిచి మెట్లు ఎక్కడం, వసతి గృహ మిత్రులతో సాయంత్రం షటిల్ ఆడటం, దగ్గరి పార్కులో తెల్లవారి నడక, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. వారానికి 150 నిమిషాల చురుకైన శ్రమ, రెండు రోజులు దండీలు, బైఠకీల వంటి కండర వ్యాయామం కనీస లక్ష్యంగా పెట్టుకోవాలి.

మెస్సు వంట మన ఇష్టం మీద నడవదు. కాని పళ్లెంలో పడే పాళ్లు మన ఇష్టమే. ముందు కూర, పప్పు తిని, తరువాత అన్నం కలుపుకొంటే చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. రెండవసారి వడ్డించుకొనేది అన్నం కాక పప్పు కావాలి. గదిలో వేయించిన శనగలు, పల్లీలు, ఉడికించిన గుడ్డు అందుబాటులో ఉంచుకొంటే అర్ధరాత్రి నూడుల్స్ అవసరం తగ్గుతుంది. రాయలసీమ పిల్లలకు అలవాటైన రాగి సంగటి ఇక్కడ రాగి ముద్దగా దొరుకుతుంది. తెల్లన్నం కంటె పీచు ఎక్కువ కాబట్టి మంచిదే, అయితే అదీ పిండి పదార్థమే కనుక పరిమాణం మరవరాదు. పొగతాగడం కూడా మధుమేహ ప్రమాదాన్ని పెంచుతుంది. దానిని మానడం ఊపిరితిత్తులకే కాదు, ఈ లెక్కకూ మేలు.

ఆలస్యం ప్రాణాంతకమైన సందర్భం

పైన చెప్పినదంతా నెమ్మదిగా వచ్చే రెండవ రకం మధుమేహం గురించి. యువతలో మొదటి రకం కూడా కనిపిస్తుంది, దాని నడక వేరు. శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున బీటా కణాలను నాశనం చేయడం వల్ల ఇన్సులిన్ దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. ఇది తిండి వల్ల గాని, బద్ధకం వల్ల గాని వచ్చేది కాదు, కాబట్టి రోగిని నిందించరాదు. విపరీతమైన దాహం, రాత్రిళ్లు పదే పదే మూత్రం, తింటున్నా బరువు తగ్గిపోవడం, చూపు మసకబారడం కొద్ది వారాలలోనే కనిపిస్తాయి. ఆపై వాంతులు, కడుపు నొప్పి, నోటి నుండి పండిన పండు వంటి వాసన, లోతైన వేగవంతమైన శ్వాస, మగత మొదలైతే అది అత్యవసర స్థితి. వసతి గృహంలో దీనిని గ్యాస్ నొప్పి అనో, మెస్సు తిండి పడలేదనో అనుకొని మాత్ర వేసి పడుకోబెట్టే ప్రమాదం ఉన్నది. అలా చేయక, వెంటనే ఆసుపత్రికి చేర్చి “చక్కెర పరీక్ష చేయండి” అని నోరు తెరిచి అడగాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వలెనే కర్ణాటకలోనూ అంబులెన్సు సంఖ్య 108.

1922 జనవరిలో టొరంటో నగరంలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల బాలునికి ఇన్సులిన్ ఇవ్వడంతో ఈ వ్యాధి చరిత్ర మారింది. అంతకు ముందు మరణశిక్ష వంటిది, నేడు క్రమం తప్పక ఇన్సులిన్ తీసుకొంటే చదువు, ఉద్యోగం, సంసారం అన్నీ సాగించగలిగే స్థితి. ఇన్సులిన్ వాడే మిత్రుడు గదిలో ఉన్నప్పుడు తోటివారికి ఒక సంగతి తెలిసి ఉండాలి. అతనికి చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే చక్కెర పడిపోయిందని గ్రహించి, మెలకువలో ఉంటే మూడు చెంచాల చక్కెర గాని, గ్లూకోజు గాని నీటిలో కలిపి ఇవ్వాలి. పదిహేను నిమిషాలలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయాలి.

దాచిపెట్టడం వల్ల కలిగే నష్టం

పరీక్షలో అంకె ఎక్కువ వచ్చినప్పుడు మన కుటుంబాలలో మొదట పుట్టేది భయం కంటె సంకోచం. అమ్మాయి సంబంధాలకు అడ్డమవుతుందనో, ఊళ్లో తెలిస్తే ఏమనుకొంటారనో దాచుతారు. విద్యార్థి కూడా ఇంట్లోవారు చదువు మానిపించి వెనక్కి పిలుస్తారని చెప్పడు. దాచిన కాగితం చికిత్సను ఆలస్యం చేస్తుంది తప్ప వ్యాధిని ఆలస్యం చేయదు. ఇంటర్నెట్‌లో చూసి స్వయంగా మందులు కొనడం, ఒకరి మాత్రలు మరొకరు వేసుకోవడం, మొదటి రకం ఉన్నవారు కషాయాలను నమ్మి ఇన్సులిన్ మానడం మరింత ప్రమాదం.

తల్లిదండ్రులు కూడా తమ వంతు చేయవలసినది ఉన్నది. తమకు మధుమేహం ఉన్నదన్న సంగతిని పిల్లల దగ్గర దాచకూడదు. ఆ సమాచారం లేనిదే పిల్లలు పైన చెప్పిన లెక్క సరిగా వేసుకోలేరు. ఫోనులో “తిన్నావా?” అని రోజూ అడిగే తల్లి, “ఎప్పుడు పడుకున్నావు, ఎంత నడిచావు?” అని కూడా అడిగితే అది మందు కంటె ముందు పనిచేస్తుంది.

ఈ వారంలో ఒక్క పని చేయండి. కొలత టేపు తీసుకొని నడుము కొలిచి, ఇంటికి ఫోను చేసి కుటుంబ చరిత్ర అడిగి, నాలుగు అంకెలు ఒక కాగితం మీద వేయండి. 60 వస్తే పరగడుపు పరీక్షకు వెళ్లండి. అంతకు తక్కువ వస్తే, అందులో మీ చేతిలో ఉన్న భాగం చుట్టూ ఒక గీత గీయండి. ఆ కాగితాన్ని దాచి, వచ్చే సెమిస్టర్ మొదలయ్యే నాడు మళ్లీ కొలిచి, గీత లోపలి అంకె తగ్గిందేమో చూసుకోండి.